జెర్రిపోతుకు నల్లి మందు

ఆ రోజుల్లో మా వైపు డాక్టరు అనిపించుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. చీటీ మీద ఎవరికీ అర్థం కాని రాత ఒకటి గిలికితే చాలు. (నా రాత పుట్టుకతోనే అలాంటిది కాబట్టి సగం అర్హత బడిలోనే వచ్చేసింది.) వ్యవసాయ డిప్లొమా పూర్తి చేసి మార్టూరు దగ్గర మా ఊళ్ళోనే ఒక పురుగుమందుల కొట్లో పనికి చేరిన నెల తిరక్కుండానే నేను డాక్టరునైపోయాను. పొద్దున్నే రైతులు మిరప కొమ్మ ఒకటి తుంచి తడిగుడ్డలో చుట్టుకుని వచ్చేవాళ్ళు. నేను దాన్ని అందుకుని, జేబులోంచి భూతద్దం తీసి, ఆకు వెనక్కి తిప్పి, ఒక కన్ను మూసి చూసేవాణ్ణి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ సంగతి కొమ్మ తెచ్చిన రైతుకి నాకంటే ముందే తెలుసు. అయినా నేను కాసేపు ఊఁ ఊఁ అని, "నల్లి బాగా ముదిరింది బాబాయ్" అంటే ఆయన కూడా నాతోపాటు నిట్టూర్చేవాడు. ఇరవై రెండేళ్ళ వయసులో, తండ్రి ఈడు వాళ్ళు "డాక్టరుగారూ" అని పిలుస్తుంటే లోకంలో నాకు తెలియని రోగం లేదనిపించేది. ఇప్పుడు ఆ కుర్రాడు నాకు దొరికితే ముందు రెండు తగిలించి, ఆ తర్వాత పక్కన కూచోబెట్టుకుని ఏడుస్తాననుకుంటాను.

ఆ భూతద్దం మా మాస్టారిది. హైస్కూల్లో మాకు సైన్సు చెప్పారు. నా డిప్లొమా ఫలితాలు వచ్చిన రోజున ఇంటికి పిలిచి, "మన బళ్ళోంచి మనుషుల డాక్టరు ఒక్కడూ రాలేదురా. మొక్కలకైనా నువ్వొచ్చావు" అని ఆ అద్దం నా చేతిలో పెట్టారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పరీక్షలో ఎవడైనా కాపీ కొట్టాడని అనుమానం వస్తే బెత్తం తీసేవారు కాదు, ఎర్ర సిరాతో కొట్టేసేవారు కాదు. ఆ జవాబు పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి పేపరు ఇచ్చేసేవారు. అంతే, మళ్ళీ దాని ఊసెత్తేవారు కాదు. మనమే ఆయన బల్ల దగ్గరికెళ్ళి నిజం చెప్పాలి. చెబితే చొక్కా జేబులోంచి రబ్బరు తీసి "నువ్వే చెరుపుకో" అని మన చేతికిచ్చేవారు. మార్కులు పోయేవి, గుర్తూ పోయేది. చెప్పకపోతే మార్కులూ ఉండేవి, గుర్తూ ఉండేది. (ఇంటికెళ్ళి సొంత రబ్బరుతో చెరుపుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. ఒక్కడూ ఆ పని చేసినట్టు నాకు తెలియదు.) పదో తరగతిలో నేను రెండుసార్లు ఆ బల్ల దగ్గరికి వెళ్ళాను. రెండోసారి మాస్టారు నవ్వి, "నీకు రబ్బరు కొనిపెట్టడానికే నా జీతం సరిపోతోందిరా" అన్నారు.

రిటైరయ్యాక ఆయన్ని ఊరంతా పాముల మాస్టారు అనేవాళ్ళు. పత్తి చేలో ఎవరో పారతో కొడితే నడుం దగ్గర చీరుకుపోయిన జెర్రిపోతు ఒకటి ఆయనకు దొరికింది. దానికి కట్టు కట్టి, మాన్పి, ముందు వైపు జల్లెడ బిగించిన చెక్కపెట్టెలో పెట్టి పెంచుకున్నారు. నిలబెడితే మాస్టారి కంటే పొడుగు. దాని పేరు అమ్మాయి. ఆయన అమ్మాయిని వెదురుబుట్టలో పెట్టుకుని, సైకిలు వెనక కట్టుకుని చుట్టుపక్కల బళ్ళకు తిరిగేవారు. ఇది కరిస్తే చావరని, తోకతో కొడితే మనిషి ఎండిపోడని, గేదెల పాలు తాగదని, ఏడాదికి ఇన్ని ఎలుకల్ని తిని మీ నాన్న మిరపకాయల్ని కాపాడుతుందని పిల్లలకు చెప్పి, చివర్లో ఒక్కొక్కరి చేత తాకించేవారు. ఆయన ఆదివారం పూట తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. అక్కడ ఆడవాళ్ళు ఆయన కూచున్న చాప మీంచి జరిగి కూచునేవాళ్ళట. "ఏదెను తోటలో జరిగింది చాలదా మాస్టారూ, మళ్ళీ దాన్నే సాకాలా?" అని ఒకావిడ నిలదీస్తే, "ఆ పాము మాట్లాడిందమ్మా. ఇది నోరు మెదపదు, పాపం" అన్నారట. అమ్మాయి ఎప్పుడు కుబుసం విడిచిందీ, ఎన్ని ఎలుకల్ని తిన్నదీ, ఎంత బరువు పెరిగిందీ అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవారు. భార్య పోయి, కూతురు పొదిలిలో కాపురం చేసుకుంటున్న ఆ ఇంట్లో సాయంత్రం పూట ఆయన మాట్లాడేది అమ్మాయితోనే. నేను రెండు మూడుసార్లు కిటికీ బయట నిలబడి విన్నాను. పాఠం చెప్పినట్టు కాకుండా, ఆ పూట కూర మాడిపోయిన సంగతి చెప్పుకుంటున్నారు.

మిరప పూత మీదున్న రోజుల్లో ఒక పొద్దున మాస్టారు మా కొట్టుకు వచ్చి, రైతుల వెనక తన వంతు కోసం నిలబడ్డారు. నేను కంగారుపడి ముందుకు రమ్మంటే రాలేదు. వంతు వచ్చాక, "డాక్టరుగారూ, కొమ్మ తేలేదు గానీ ఇది చూడండి" అని మడిచిన దినపత్రిక విప్పారు. మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. చుక్కలు నడుస్తున్నాయి. నేను భూతద్దం పెట్టి చూసి, లాటరీ తగిలినవాడిలా "నల్లి!" అని అరిచాను. మాస్టారు మెల్లగా, "అమ్మాయికి పట్టిందిరా. పొలుసుల సందుల్లో దూరి రక్తం తాగుతున్నాయి. కళ్ళ చుట్టూ మరీ ఎక్కువ. తిండి మానేసింది" అన్నారు. నల్లికి నా వెనక అరలో ఆరు రకాల మందులున్నాయి. నా చెయ్యి అప్పుడే పైకి లేచింది. "వద్దురా. ఇది మిరప చేను కాదు. దాని ఒళ్ళంతా నేలకి అంటుకునే ఉంటుంది. ఒంటికి తగిలింది లోపలికి పోతుంది. గోరువెచ్చటి నీళ్ళే మందు. కాకపోతే నెల పడుతుంది" అన్నారు. నెల! పొద్దున కొడితే సాయంత్రానికి రాలకపోతే సీసా వాపసు తెచ్చే జనం మధ్య బతికేవాణ్ణి నేను. నెల అన్న మాట నాకు వైద్యంలా వినిపించలేదు.

వారం తిరక్కుండానే పొదిలి నుంచి కబురొచ్చింది. కూతురికి నెలలు నిండాయి. తల్లి లేని పిల్ల కాబట్టి తండ్రి పక్కనుండాలి. కానీ "నాన్నా, ఆ పామును తెచ్చారంటే గుమ్మం తొక్కనివ్వను" అని ఫోనులోనే తేల్చి చెప్పింది. ఒక అమ్మాయి కోసం ఇంకో అమ్మాయిని వదిలి వెళ్ళాల్సి వచ్చింది. మాస్టారు ఇంటి తాళం నా చేతిలో పెట్టి, చెయ్యాల్సినవన్నీ కాయితం మీద రాసిచ్చారు. ఉదయం, సాయంత్రం అరగంట నీళ్ళలో ఉంచాలి. తల మునగకూడదు. మెత్తటి గుడ్డతో తల నుంచి తోక వైపే తుడవాలి. కళ్ళ దగ్గర ఆముదంలో ముంచిన దూదితో ఒత్తాలి. పెట్టెలో కాయితం రోజూ మార్చి పాతది తగలబెట్టాలి. పెట్టె మీద మరిగే నీళ్ళు పోసి ఆరబెట్టాలి. చివర మందులు కొట్టకూడదు అని రాసి, కింద రెండు గీతలు గీశారు. "ఎవరికీ అప్పగించను గానీ, నువ్వు చూసుకుంటావని ధైర్యంరా" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. గుర్తులేకపోతే బాగుండుననుకున్న మాటల్లో అది మొదటిది.

మొదటి రోజు వైభవం వర్ణించలేను. నా జీవితంలో ఒక ఆడకూతురికి తలంటు పోయడం అదే మొదలు. బట్టలుతికే పెద్ద బేసిన్లో నీళ్ళు పోసి, మోచెయ్యి ముంచి వేడి చూసి, అమ్మాయిని ఎత్తాను. సగం నీళ్ళలో దిగింది, తక్కిన సగం నా చెయ్యి పట్టుకుని రానంది. తర్వాత గొంతు ఉబ్బించి, బుస్సుమని, పొట్ట కింద నుంచి ఒక కంపు వదిలింది. నేను ఆ రోజుకి మా కొట్లో ఉన్న వాసనలన్నీ పీల్చి గట్టిపడిన మనిషిని. అయినా కళ్ళు తిరిగాయి. ఇంటికెళితే మా అమ్మ గడప అవతలే ఆపి, "నువ్వు చదివింది మొక్కల చదువు కదరా, ఈ కంపేంటి?" అని దొడ్లోనే నిలబెట్టి నీళ్ళు పోసింది. రెండో రోజు అమ్మాయి నాకు కొంచెం అలవాటు పడింది. నీళ్ళలో చుట్టచుట్టుకుని, గడ్డం బేసిను అంచు మీద పెట్టుకుని నా వైపే చూస్తూ ఉండిపోయింది. నీళ్ళ మీద నల్లులు తేలుతున్నాయి. కంటి చుట్టూ దూదితో ఒత్తుతుంటే కదల్లేదు. నమ్మకంగా ఉండిపోయింది అని రాయబోయి ఆగాను. పాము మనసు నాకేం తెలుసు? కానీ నాకు అలాగే అనిపించింది.

మూడో రోజు పొద్దున డబుల్ డోసు బాబాయి వచ్చాడు. మా కొట్టుకు పాత ఖాతాదారు. లీటరుకి రెండు మిల్లీ అంటే నాలుగు పోసే మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. (నిజానికి ఆ పేరు ఊళ్ళో సగం మందికి పెట్టొచ్చు.) పాముకు స్నానం చేయిస్తున్నానని విని చూడ్డానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏమయ్యా డాక్టరూ, కొట్టు నిండా నల్లి మందు పెట్టుకోని ఇక్కడ ఉడుకు నీళ్ళు కాస్తా కూచున్నావా?" అన్నాడు. మాస్టారు మందు వద్దన్నారని చెప్పాను. "ఆయన పాతకాలం మనిషి, పుస్తకాల్లో చదివి చెప్తాడు. మా గేదెకి గోమార్లు పట్టి రక్తం తాగతంటే ఒక్క పూటలో రాలగొట్టలా? ఆయనొచ్చేటప్పటికి శుభ్రంగా చేసి చూపిచ్చవయ్యా, అప్పుడంటారు డాక్టరని" అని వెళ్ళిపోయాడు. ఆయన మీదికి తప్పు నెట్టాలని తర్వాత చాలాసార్లు ప్రయత్నించాను. వెళ్ళలేదు. ఆయన అన్నది నేను అప్పటికే రెండు రోజులుగా లోపల అనుకుంటున్న మాటే. ప్రతి పూటా గుడ్డకి అన్నే నల్లులు అంటుకుంటుంటే, మాస్టారు పెట్టె మూత తీసి, ఒక్క నల్లి కూడా లేకపోవడం చూసి, "ఎలా చేశావురా?" అని అడగడం నేను మనసులో ఎన్నిసార్లు చూసుకున్నానో.

ఆ సాయంత్రం కొట్లోంచి సీసా ఒకటి తెచ్చాను. చేలో కొట్టినట్టే, గాలి తగ్గేదాకా ఆగాను కూడా. మిరపకి లీటరుకి రెండు మిల్లీ. సీసా మీద అచ్చులో ఉంది. కానీ మా చేతులకు మిల్లీలు తెలియవు, మూతలు తెలుసు. మూత నింపి లీటరు నీళ్ళున్న మగ్గులో వంచాను. ఆ తర్వాత "పోనీలే" అని ఇంకో చుక్క పోశాను. పోనీలే అని పోసే ఆ చుక్క మా ప్రాంతంలో అందరి చేతిలోనూ ఉంటుంది. పురుగు చావదేమోనన్న భయం అందులో ఉంటుంది, చచ్చి తీరాలన్న కసి కూడా ఉంటుంది. మూతా చుక్కా కలిపి లెక్కేస్తే ఏడు మిల్లీల దాకా ఉంటుంది. మంగలి షాపులో నీళ్ళు చిమ్మే సీసాలాంటి దానిలో పోసి, అమ్మాయిని కాయితం మీద పరిచి, తల నుంచి తోక వైపే, మాస్టారు రాసినట్టే, తడిసిపోయేలా కొట్టాను. కొట్టేటప్పుడు నా ముక్కుకి జేబురుమాలు కట్టుకున్నాను. దాన్ని గురించి ఇంకేం చెప్పను? మందు గాలి నాకు మంచిది కాదని నాకు తెలుసు.

గంటలో నల్లులన్నీ రాలిపోయాయి. కాయితం నిండా నల్లటి చుక్కలు, ఒక్కటీ కదలడం లేదు. నేను ఆ గదిలో ఒంటరిగా, నిజంగానే చిందులు వేశాను. కాయితాన్ని తగలబెట్టకుండా జాగ్రత్తగా మడిచి, మాస్టారికి చూపించడానికి అలమరలో పెట్టాను. ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను.

తెల్లారి తలుపు తీసేసరికి అమ్మాయి వెల్లకిలా ఉంది. లేత పసుపు రంగు పొట్ట అంతా పైకి కనిపిస్తోంది. తిప్పి బోర్లా పెట్టాను. మళ్ళీ వెల్లకిలా తిరిగింది. తల వణుకుతోంది, నోరు తెరుచుకుని మూసుకోవడం లేదు. బేసిన్లో నీళ్ళు పోసి కడిగాను, నీళ్ళు మార్చి కడిగాను, మళ్ళీ మార్చి కడిగాను. వెచ్చబెట్టడం కూడా మర్చిపోయి, చన్నీళ్ళే పోశానని తర్వాత గుర్తొచ్చింది. పాము ఎప్పుడు చచ్చిపోయిందో చెప్పడం కష్టం. వణుకు ఆగితే తగ్గిందనుకుని సంతోషించాను కూడా. అలా ఎంతసేపు సంతోషించానో తెలియదు. ఈగ ఒకటి వచ్చి తెరిచి ఉన్న కంటి మీద వాలాక అర్థమైంది. ఆ కంటి చుట్టూ ఒక్క నల్లి కూడా లేదు. దాన్ని ఒళ్ళో వేసుకుని, బేసిను పక్కన తడి నేల మీదే కూచుండిపోయాను. ఆ రోజు కొట్టు ముందు కొమ్మలు పట్టుకుని నిలబడ్డ రైతులు డాక్టరు కోసం చూసి చూసి వెళ్ళిపోయారట.

మాస్టారు ఆ మధ్యాహ్నమే వచ్చారు. సందు మొదట్లోనే కేక వినిపించింది, "ఒరేయ్ డాక్టరూ, తాతనయ్యానురా! మనవరాలు!" చేతిలో లడ్డూల పొట్లం. గుమ్మంలోకి వచ్చి, నన్నూ నా ఒళ్ళో ఉన్నదాన్నీ చూసి ఆగిపోయారు. పొట్లం బల్ల మీద పెట్టి, కింద నా పక్కనే కూచుని, అమ్మాయి తల మీద వేలు పెట్టి తోక దాకా రాశారు. తర్వాత చెయ్యి వాసన చూసుకున్నారు. ఏం కొట్టావని అడిగారు. చెప్పాను. "ఎంత?" అన్నారు. చెబుదామనే నోరు తెరిచాను. కానీ రెండు అయితే తప్పు మందుది, ఏడు అయితే తప్పు నాది అని ఆ క్షణంలో నాకెవరు నేర్పారో తెలియదు. "లీటరుకి రెండు మిల్లీ మాస్టారూ. సీసా మీద ఉన్నంతే" అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. ఆ తర్వాత లేచి, నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నారు. దొడ్లో మునగచెట్టు పక్కన నన్నే గొయ్యి తవ్వమన్నారు. పూడ్చాక చేతులు కడుక్కోమని, లడ్డూ తీసి నా చేతిలో పెట్టి, "తినరా. మనవరాలు పుట్టింది, మనం ఏడవకూడదు" అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూనే అన్నారు. నేను తిన్నాను. లడ్డూలో కూడా మందు వాసనే వచ్చింది.

ఆ తర్వాతి వారం ఒక బళ్ళో పిల్లలు అమ్మాయి కోసం ఎదురు చూస్తున్నారు. మాస్టారు మాట తప్పలేదు, అమ్మాయి పోయినేడు విడిచిన కుబుసాన్ని బుట్టలో పెట్టుకుని బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. పిల్లలు కుబుసాన్ని చూసి ముఖాలు వేలాడేశారు. "పాము ఏది సార్?" అని ముందు వరసలో ఒక పిల్ల అడిగింది. "చచ్చిపోయిందమ్మా. నల్లి పడితే మందు కొట్టాం" అన్నారు. కొట్టింది ఆయన కాదు, అయినా కొట్టాం అన్నారు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన పిల్ల కదా, వెంటనే, "లీటరుకి ఎంత కొట్టారు సార్?" అంది. ఇంకే ఊళ్ళోనైనా పిల్లలు ఆ ప్రశ్న అడుగుతారా? మాస్టారు నా వైపు తిరిగి, "డాక్టరుగారు చెబుతారు" అన్నారు. తరగతి తరగతంతా నా వైపు చూస్తోంది. "రెండు మిల్లీ" అన్నాను. ఆ పిల్ల పక్క పిల్లతో, "రెండుకే చచ్చిందంట, పాపం" అంది. మాస్టారు కుబుసాన్ని మడిచి బుట్టలో పెట్టుకున్నారు. తిరుగుదారిలో ఆయన సైకిలు నడిపిస్తుంటే నేను పక్కన నడిచాను. ఆయన వాన గురించీ, మనవరాలికి పెట్టబోయే పేరు గురించీ మాట్లాడారు.

తర్వాత ఆయన మళ్ళీ పామును పెంచలేదు. నేను చిలకలూరిపేట వైపు వెళ్ళిపోయి కొన్నాళ్ళకు సొంత కొట్టు పెట్టుకున్నాను. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆయన్ని చూసొచ్చేవాణ్ణి. కూచోగానే చొక్కా జేబులోవి తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టేవారు. కళ్ళజోడు డబ్బా, పెన్ను, ఒక రబ్బరు. "రిటైరై ఇన్నేళ్ళయింది, ఇంకా రబ్బరెందుకు మాస్టారూ?" అని ఒకసారి నవ్వాను కూడా. "ఎవరికైనా అవసరం రావచ్చు కదరా" అన్నారు. నేను కాఫీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాను. అలా ఎన్నిసార్లు వచ్చేశానో లెక్కపెట్టుకోవడానికి ఇప్పుడు భయం.

ఆయన పోయిన సంగతి నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. వెళితే కూతురు లోపల్నుంచి పొడుగు నోటుబుక్కు తెచ్చి, "ఇది మీకివ్వమన్నారన్నయ్యా" అని ఇచ్చింది. బస్సులో తెరిచాను. ఎలుకలు, కుబుసాలు, బరువులు, అన్నీ ఆ ముత్యాల్లాంటి రాతలో. చివర రాసిన పేజీలో, "అమ్మాయి పోయింది. నల్లి మందు, లీటరుకి రెండు మిల్లీ" అని ఉంది. దాని పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం. పక్క సీటాయన, ఏమయిందండీ అని రెండుసార్లు అడిగాడు. నేను పేజీ మూసి, కిటికీ వైపు తిరిగి, మార్టూరు దాకా ఏడ్చాను.

ఇప్పుడు నా కొట్లో మూతతో కొలవనివ్వను. గుర్తులు గీసిన గాజు గొట్టం దారం కట్టి కౌంటరు మీద వేలాడదీశాను. ఎవరైనా "పోనీలే, ఇంకో చుక్క" అంటే నేను గొడవపడతాను. రైతులు నాకు సగం డోసు డాక్టరని పేరు పెట్టారట. ఆ నోటుబుక్కులో ఆయన రాత కింద, నా గిలుకుడు రాతతో, "రెండు కాదు మాస్టారూ, ఏడు" అని రాశాను. బల్ల సొరుగులో రబ్బరు ఉంది, చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఆ గుర్తు చెరపడానికి ఈ రబ్బరు పనికిరాదు. అది ఆయన జేబులోంచి రావాలి, "నువ్వే చెరుపుకో" అని ఆయన ఇవ్వాలి. అందుకని అలాగే ఉంచేశాను. అప్పుడప్పుడు పేజీ తీసి చూస్తే, నిలువెల్లా గర్వమున్న ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు పేపరు పట్టుకుని ఆయన బల్ల దాకా నడిచి, రెండడుగుల దూరంలో ఆగిపోయి, కాఫీ బాగుందని చెప్పి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాడు. వెళ్ళరా, ఆయన ఏమీ అనరు అని వాణ్ణి వెనక నుంచి మెల్లగా తోద్దామనిపించి, నవ్వొస్తుంది.